రెండో గేరులో ఆపిన బండి

మా వదిన ఎడమ కాలి చెప్పు ఎప్పుడూ ముందు అరిగిపోయేది. కుడిది కొత్తగానే ఉండేది. డ్రైవింగు స్కూలు బండిలో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు క్లచ్ తొక్కడం మరిచిపోయినప్పుడల్లా పక్కనుంచి వదినే తొక్కేది. అలా పందొమ్మిదేళ్ళు తొక్కింది. ఊళ్ళో సగం మంది ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. అందరూ ఆవిణ్ణి క్లచ్ మేడం అనేవారు, చెప్పుల షాపతనితో సహా.

నేను చెప్పబోయే దాంట్లో తప్పు మా అన్నయ్యది. తోడబుట్టినవాడు కదా అని వెనకేసుకు రాను. నా వంతు కూడా కొంత ఉంది. కొంతేమిటి, బాగానే ఉంది. అక్కడికి వచ్చినప్పుడు అదీ దాచను.

వదిన ఈ పనిలోకి కావాలని రాలేదు. స్కూల్లో ఫారాలు నింపే ఉద్యోగానికి చేరింది. ఒకరోజు డ్రైవింగు నేర్పే మాస్టారు రాలేదు. బయట నేర్చుకోడానికి వచ్చిన నలుగురు ఎండలో నిలబడి గొణుక్కుంటున్నారు. నీకు నడపడం వచ్చా అని యజమాని అడిగితే, అంతకుముందు మూడేళ్ళు పాల వ్యాను నడిపానని చెప్పింది. ఆ నలుగురిలో ముగ్గురు మర్నాడు కూడా ఆవిడే కావాలన్నారు. మాస్టారు తిరిగి వచ్చేసరికి ఆయన చెయ్యడానికి ఫారాలు నింపే పని మిగిలింది. ఆయన అలిగి వెళ్ళిపోయాడు, అది వేరే సంగతి.

ఆవిడ అరవదు. అదే ఆవిడ గొప్ప. ఇంజను ఆగిపోయి, వెనక పది బండ్లు హారన్లు కొడుతున్నా, వాళ్ళకేం, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటారు, మనం మెల్లిగా మళ్ళీ మొదలుపెడదాం అనేది. ఆవిడకో సిద్ధాంతం కూడా ఉంది. ప్రతి మనిషికీ నడపడంలో ఒక తప్పు ఉంటుందట. ఎన్ని క్లాసులు చెప్పినా అది పోదట. పోస్టుమ్యాన్ బ్రేకు వేసే ముందు నాలుక కరుచుకుంటాడు. కుట్టుపని చేసే ఆవిడ గేరు మార్చేటప్పుడు సూది దారం ఎక్కిస్తున్నట్టు కిందికి చూస్తుంది. వీధిలో ఆపి ఉన్న బండి చూసి, అది ఎవరిదో తెలియకపోయినా, ఎవరు నడిపి తెచ్చారో వదిన చెప్పేసేది.

మా అన్నయ్య తప్పు ఏమిటంటే, బండి ఆపాక రెండో గేరులో పెట్టడం. ఇంజను ఆపేశాక బండి జారిపోకుండా మొదటి గేరులో వదలాలి. అది మొదటి రోజు పాఠం. స్కూలు బండికి మొదటి గేరు బిగుసుకుపోయి ఉండేది, అన్నయ్యకి దొరికేది కాదు. చేతికి ఏది తగిలితే అందులో పెట్టి దిగిపోయేవాడు. అది రెండోదే అయ్యేది. నలభై రెండు క్లాసులు, మూడుసార్లు పరీక్ష తప్పడం, నాలుగోసారి ఎలాగో గట్టెక్కడం. ఆ రోజే, రేపట్నుంచి మీ పక్కన కూర్చోడానికి ఇంకో దారి చెప్పండి మేడం అని అడిగాడు. ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అలా మా ఇంటికి వచ్చింది.

పెళ్ళయ్యాక కూడా ఆ తప్పు పోలేదు. స్కూలు బండి ఇంటికి తెచ్చిన రోజు, గేటుకి అడ్డంగా ఉందని అన్నయ్య జరిపి పెట్టేవాడు. పొద్దున్న వదిన తాళం తిప్పబోయే ముందు గేరు మీద చెయ్యి వేసి, తన మొగుడి సంతకం ఇక్కడుందని అనేది. మేమందరం నవ్వేవాళ్ళం. అన్నయ్య కూడా నవ్వేవాడు. లోపల ఎక్కడో గుచ్చుకుంటోందని మాలో ఎవరికీ తోచలేదు.

ఇక వదిన సొంత బండి. ఒక కళ్ళ డాక్టరు గారి షెడ్డులో ఏళ్ళ తరబడి పరదా కింద పడి ఉండగా కొన్నది. రెండే తలుపులు, నేలకి ఆనుకున్నట్టుండే స్పోర్ట్స్ కారు, ముదురు పచ్చ రంగు. కూర్చుంటే రోడ్డు మీద చాప వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది. కొన్నప్పుడు నడిచేది కాదు. ఒక ముసలి మెకానిక్కూ వదినా కలిసి మూడేళ్ళ ఆదివారాలు దాని మీద ధారపోశారు. గేర్ల పెట్టె విప్పి పాత పేపర్ల మీద పరిచిన రోజు ఆవిడ స్కూలుకి సెలవు పెట్టి, పిల్లకి ఆపరేషను జరుగుతున్నట్టు పక్కనే కూర్చుంది. అది నడిచింది మొదలు ఆవిడ తప్ప ఎవరూ దాని స్టీరింగు పట్టుకోలేదు. ఆదివారం పొద్దున్న చెరువు గట్టు దాకా వెళ్ళి రావడం, అంతే. పక్క సీటు అన్నయ్యది. ఆయన తాటిచెట్టంత ఉంటాడు కనక ఆ సీటు ఎప్పుడూ చివరి దాకా వెనక్కి నెట్టి ఉండేది.

అన్నయ్య లిఫ్టులు తనిఖీ చేసే కంపెనీలో పనిచేస్తాడు. ఆ కంపెనీ మా ఊళ్ళో ఆఫీసు మూసేసి, ఆయన్ని దేశానికి ఆ చివరన ఉన్న ఊరికి మార్చింది. రెండువేల కిలోమీటర్ల పైన. పందొమ్మిదేళ్ళ పని వదులుకోవాలంటే వదిన ఏడుస్తుందనుకున్నాను. మూడో రోజు సాయంత్రం వంటింటి బల్ల మీద ఒక పెద్ద రోడ్డు మ్యాపు పరిచి, పెన్సిలు చెక్కుకుంటూ కనిపించింది. బండిని తనే నడుపుకుంటూ వెళ్తుందట. ఈ ఊరు వదలడానికి తనకి అదొక్కటే ఓదార్పు అంది.

మ్యాపు మీద తొమ్మిది సున్నాలు చుట్టింది, ఆగాల్సిన చోట్లకి. చేరిన చోటల్లా ఆ సున్నాని పెన్నుతో దిద్దుతానంది. చదునుగా ఉన్న రోడ్ల మీద చిన్న చిన్న ఇంటూలు పెట్టింది. అవి అన్నయ్యవి. ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా నువ్వు నడుపుదువుగాని అని చెప్పింది. ఎవరికీ ఇవ్వని స్టీరింగు ఇస్తానంది, అదీ తనంతట తానే. అన్నిటికంటే పెద్ద సున్నా కొండ దారిలో పదకొండో మలుపు. ఆవిడ దగ్గర లైసెన్సు పరీక్షకి తయారైన ఒక లారీ డ్రైవరు చెప్పాడట, అక్కడ బండి ఆపి కిందికి చూస్తే లోయలో వంతెన, దాని మీద రైలు వెళ్తుంటే అగ్గిపుల్ల కదిలినట్టుంటుందని. ఆ మాట వదిన నాకు కనీసం ఆరుసార్లు చెప్పింది. నలభై ఆరేళ్ళ మనిషి, చెరువు గట్టు దాటి ఎప్పుడూ ఆ బండిలో వెళ్ళలేదు.

అన్నయ్య వద్దన్నాడు. ఒక్కరోజులో కాదు, నెల రోజులు రోజుకో కారణం వెతుక్కొచ్చి. కొండ ఎక్కేటప్పుడు పాత క్లచ్ ప్లేటు నిలవదన్నాడు. తనకి సెలవు దొరకదు, నువ్వొక్కదానివే ఎలా వెళ్తావన్నాడు. కొత్త ఊళ్ళో ఒక డ్రైవింగు స్కూలు ఆవిణ్ణి వెంటనే చేరమంటే, ఆ తేదీకే ఒప్పుకోమని పట్టుబట్టింది కూడా ఆయనే. ఆ తేదీకి అందాలంటే రైల్లో వెళ్ళాల్సిందే. బండిని మూసిన ట్రక్కులో భద్రంగా పంపిస్తానని, ఎవరూ నడపరని, తను చెయ్యి కూడా వెయ్యనని, ట్రక్కు వాళ్ళు వించితో, ఇనుప తాడు చుట్టే మరతో, లాగి ఎక్కిస్తారని మాటిచ్చాడు. వదిన మ్యాపు మడిచి బండి అరలో పెట్టేసింది. రైలెక్కే ముందు వెళ్ళి, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే మీటరు మీద అంకె చూసుకుని వచ్చింది.

ఆవిడ రైలెక్కిన నాలుగో రోజున అన్నయ్య మందుల షాపులో నా కౌంటరు దగ్గరికి వచ్చి, ఎనిమిది రోజులు సెలవు దొరికింది, బండిలో వెళ్దాం వస్తావా అన్నాడు. ట్రక్కు సంగతి అడిగాను. రద్దు చేశానన్నాడు. వదినకి చెప్పావా అని అడిగాను. తర్వాత చెప్దాంలే అన్నాడు.

అక్కడ నేను వద్దనాలి. అనలేదు. పదహారేళ్ళుగా గాజు పలక వెనక నిలబడి దగ్గు మందులు అందిస్తున్నదాన్ని, నాకూ ఎక్కడికైనా వెళ్ళాలనిపించింది. ఏమవుతుందిలే, బండి చేరాల్సిన చోటికే చేరుతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వదిన కళ్ళల్లో పెట్టుకుని చూసుకునే బండి అని తెలుసు. ఆవిడ పెన్సిలు చెక్కుతుండగా చూసినదాన్ని నేనే. అయినా పెట్టె సర్దుకున్నాను.

అన్నయ్య మతిమరుపు మనిషి కాదు. బయల్దేరే ముందు ముసలి మెకానిక్‌ని ఇంటికి పిలిపించి మీటరు తీగ ఊడదీయించాడు. మేడం చెప్పారా అని ఆయన అడిగితే, మేడమే చెప్పిందని తడుముకోకుండా అన్నాడు. అందుకని దారంతా మీటరు ముల్లు కదల్లేదు, అంకె మారలేదు. ఆరు రోజులు నడిపాం. గేరు మార్చిన ప్రతిసారీ బండి పళ్ళు కొరికేది. నేను పొట్టిదాన్ని కనక పక్క సీటు ముందుకి లాక్కుని, కాళ్ళు ఆనించుకుని, ఒళ్ళో మ్యాపు పెట్టుకుని, పాటలు పాడుకుంటూ కూర్చున్నాను. బాగుందా అంటే బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

చేరే ముందు, ఊరికి నలభై కిలోమీటర్ల అవతల ఒక షెడ్డులో బండి కడిగించి, అద్దం మీద పురుగుల మరకలు గోకించి, మీటరు తీగ మళ్ళీ పెట్టించాడు. శనివారం మధ్యాహ్నం అక్కడే, తనే బండిని ఒక ట్రక్కు మీదికి ఎక్కించి, తాళం వేసి, పరదా కప్పించి, మర్నాడు పొద్దున్న ఇంటికి తెమ్మని చెప్పాడు. మేమిద్దరం బస్సెక్కి సాయంత్రానికి, రైలు దిగి వచ్చినవాళ్ళలా పెట్టెలతో ఇంటి ముందు దిగాం. వదిన ఎదురొచ్చి నా పెట్టె అందుకుంది. రైల్లో నిద్ర పట్టిందా అని అడిగింది. పట్టిందన్నాను.

ఆదివారం పొద్దున్న ట్రక్కు వచ్చింది. వదిన చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది. పరదా తీశారు. చుట్టూ తిరిగి చూసింది, తలుపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. కిటికీలోంచి మీటరు చూసింది. రైలెక్కిన రోజు చూసిన అంకే ఉంది. అన్నయ్య వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల ఎత్తుకోబుద్ధి కాదు. తనే దింపుతానని ట్రక్కు డ్రైవరుకి చెప్పి, పైకెక్కి సీట్లో కూర్చుంది. తాళం తిప్పే ముందు అలవాటు ప్రకారం చెయ్యి గేరు మీద వేసింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"బండిని ట్రక్కు మీదికి ఎవరెక్కించారు?" అంది, మా వైపు తిరక్కుండానే.

"వాళ్ళే. వించితో లాగారు. నేను చెయ్యి కూడా వెయ్యలేదు" అన్నాడు అన్నయ్య.

"రెండో గేరులో ఉంది."

వాళ్ళలో ఎవరో అలా పెట్టి ఉంటారన్నాడు అన్నయ్య. ట్రక్కు డ్రైవరు మర్యాదస్తుడు, ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. వదిన ఇంజను స్టార్టు చేసి, క్లచ్ తొక్కి మెల్లిగా వదిలింది. మళ్ళీ తొక్కి మళ్ళీ వదిలింది. క్లచ్ ఎంత అరిగితే పట్టు అంత పైకి వస్తుంది. నేర్చుకోని నాకే ఆ సంగతి తెలుసు, ఆవిడకి తెలియదా. అప్పుడు పక్కకి తిరిగి రెండో సీటు చూసింది. అది ముందుకి, డాష్‌బోర్డుకి ఆనుకునేంత ముందుకి జరిగి ఉంది. పురుగులు గోకించాం, దుమ్ము దులిపాం, స్టీరింగు దగ్గరి సీటు వదిన కొలతకి జరిపాం, మీటరుకే గంతలు కట్టాం. ఆ సీటు వెనక్కి నెట్టాలని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఆరు రోజుల్లో అది నా సీటైపోయింది కనక నా కంటికి సరిగ్గానే ఉంది.

వదిన తల ఎత్తి నా ముఖం చూడలేదు. నా కాళ్ళు చూసింది.

బండి కిందికి దింపింది. గేటు పక్కన ఆపి, మొదటి గేరులో పెట్టి, దిగింది. ఇంట్లోకి వచ్చి ఇంకా విప్పని అట్టపెట్టె మీద కూర్చుని, మ్యాపు ఎక్కడుందని అడిగింది. అది నా చేతిసంచీలో ఉంది. బండి అరలో ఉంచడానికి భయమేసి తీసి దాచాను. తీసి ఇచ్చాను. ఆవిడ పెన్సిలుతో చుట్టిన తొమ్మిది సున్నాలూ నీలం పెన్నుతో దిద్ది ఉన్నాయి. దిద్దింది అన్నయ్య కాదు, నేను. ఆవిడ అలా చెయ్యాలనుకుందని గుర్తొచ్చి, సరదాగా ఉంటుందని దిద్దాను. అంతకంటే సిగ్గుమాలిన పని నా జన్మలో చెయ్యలేదు.

అన్నయ్య అప్పుడు మొత్తం ఒప్పుకున్నాడు. ఇన్నేళ్ళుగా నా డ్రైవింగు మీద ఇంటిల్లిపాదీ నవ్వారు, ఒక్కసారి దేశం ఆ చివర నుంచి ఈ చివరకి ఒక్కణ్ణే నడిపి చూపిద్దామనుకున్నాను, ఎప్పుడో తీరిగ్గా చెప్పి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను అన్నాడు. నాకు జాలి వేయలేదని అనను. కానీ వదిన చెప్పిన దాని ముందు ఆ జాలి నిలవలేదు.

"నడపొద్దని నేనన్నానా? నాతో రమ్మనే కదా అడిగాను. నీకోసం దారిలో గుర్తులు కూడా పెట్టాను. సెలవు లేదన్నావు."

వదిన మ్యాపు వైపు చూస్తూ, పెద్ద సున్నా మీద వేలు పెట్టి, ఈసారి నన్ను అడిగింది.

"పదకొండో మలుపు. రైలు కనిపించిందా?"

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదేమో. వంతెన, రైలు, అగ్గిపుల్ల, అన్నీ ఆవిడ మాటల్లోనే ఆవిడకి తిరిగి చెప్పేసి ఉండొచ్చు. ఆ చూపు ముందు నోరు రాలేదు.

"ఆగలేదు వదినా. ఆ మలుపులో అన్నయ్యకి గేరు పడలేదు. వెనక లారీ ఉంది. ముందుకి వెళ్ళిపోయాం."

"మరి సున్నా?"

"తర్వాత టీ కొట్టు దగ్గర దిద్దాను."

ఆవిడ తల ఊపింది. క్లాసులో ఎవరైనా తప్పు చేసి ఒప్పుకున్నప్పుడు ఊపినట్టే ఊపింది. మ్యాపు మడిచి నా చేతిలోనే పెట్టింది. అరవలేదు, ఏడవలేదు. అరిచి ఉంటే మాకు తేలికయ్యేది, అందుకే అరవలేదని ఇప్పటికీ నా అనుమానం. మర్నాడు పొద్దున్న రైలుకి నేను తిరిగి వచ్చేశాను. స్టేషనుకి వదిన రాలేదు.

నాలుగు నెలల తర్వాత, ముఖం చెల్లకపోయినా, చూడకుండా ఉండలేక వెళ్ళాను. అన్నయ్య తలుపు తీశాడు, చిక్కిపోయాడు. వాళ్ళిద్దరూ బాగానే ఉంటున్నారు, అంటే ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆయన వంటగదిలో కాఫీ కలుపుతుంటే వీధిలోంచి ఒక చప్పుడు వినిపించింది. బండి పళ్ళు కొరికే చప్పుడు. ఆయన చెంచా ఆపి, కళ్ళు మూసుకుని, మళ్ళీ తిప్పాడు. రోజూ ఇంతే అన్నాడు.

బయటికి వచ్చి చూశాను. పచ్చ బండి ఎగిరెగిరి పడుతూ వీధి చివర నుంచి వస్తోంది. ముందు అద్దానికి ఎల్ బోర్డు కట్టి ఉంది. స్టీరింగు దగ్గర నుదుటి నిండా చెమటతో ఒక లెక్కల టీచరు, పక్క సీట్లో వదిన. ఆ పక్కన ఇప్పుడు ఇంకో క్లచ్ పెట్టించిందట. ఇంటి ముందుకి రాగానే ఇంజను ఆగిపోయింది. ఏం పర్లేదండి, మెల్లిగా మళ్ళీ మొదలుపెడదాం అంది వదిన, ఎప్పటిలాగే.

టీచరు దిగి వెళ్ళాక దగ్గరికి వెళ్ళాను. వదిన ఎడమ చెప్పు మళ్ళీ అరిగిపోయి ఉంది. మూడేళ్ళ ఆదివారాలు పెట్టి బాగుచేసుకున్న బండి కదా, దీన్ని ఇలా అందరి చేతిలో ఎందుకు పెడుతున్నావు వదినా అని అడిగాను. ఆవిడ లోపలికి వంగి, గేరు సరిచూసి, మొదటిదానిలో పెట్టింది.

"ఎవరో ఒకరు నడుపుతారు కదమ్మా" అంది. "వీళ్ళయితే అడిగి నడుపుతున్నారు."